కొండకు ఒక రోజు, కాగ్నాకు ఒక రోజు

శని, ఆదివారాలు చేతికి దొరికితే హైదరాబాదులో ఎన్నో కుటుంబాలు చేవెళ్ల దారి పడతాయి, అనంతగిరికి. రెండు రోజుల సెలవును ఎలా వాడుకోవాలని ఎవరిని అడిగినా జవాబు ఒకటే: రెండు రోజులూ వికారాబాద్ దగ్గరే ఉండండి, కొండ పక్కన ఒక రిసార్టు చూసుకోండి, పద్మనాభస్వామిని దర్శించుకోండి, మర్నాడు కోట్‌పల్లి చెరువులో పడవ ఎక్కి తిరిగొచ్చేయండి. అక్కడికి నలభై కిలోమీటర్లలో తాండూరు ఉంది కదా అంటే, అక్కడేముంది, బండలు, దుమ్ము, సిమెంటు అంటారు. ఈ అభిప్రాయం ఎంత స్థిరపడిపోయిందంటే, దాన్ని ఎవరూ వాదించి నిలబెట్టాల్సిన అవసరం కూడా లేకుండా పోయింది. ఇది తప్పని నేను అంటున్నాను. రెండు రోజుల సెలవులో ఒక రోజు కొండకు ఇచ్చి రెండో రోజు తాండూరుకు ఇవ్వకపోతే, ఆ కొండ కూడా మనకు సగమే అర్థమవుతుంది.

కొండను నేను తక్కువ చేయడం లేదు. వానాకాలంలో అనంతగిరి అడవి చూసినవాళ్లకు దాని గొప్ప చెప్పక్కర్లేదు. నా అభ్యంతరం ఆ కొండను మనం చూస్తున్న తీరు మీద. పచ్చగా ఉన్నదే చూడదగినదని, చల్లగా ఉన్నదే విశ్రాంతి అని, మనుషులు చెమటోడ్చే చోటు సెలవుకు పనికిరాదని ఒక లెక్క వేసుకున్నాం. ఆ లెక్క ప్రకారం ఒక భూభాగాన్ని రెండుగా కోసి, ఒక సగాన్ని ఫొటోలకు, రెండో సగాన్ని లారీలకు వదిలేశాం. నేల మాత్రం అలా కోయబడి లేదు. దానికి మొదటి సాక్ష్యం నీరు.

అనంతగిరి మూసీ పుట్టిన చోటని బడిపిల్లలకు కూడా తెలుసు. ముచుకుందుడి కథ, ముచుకుందా నది అన్న పాత పేరు చాలామంది విన్నవే. మూసీ ఇక్కణ్ణుంచి తూర్పుకు నడిచి, 1908 సెప్టెంబరు వరదలో హైదరాబాదును ముంచి, ఆ తర్వాత 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్‌లో నిలిచి, నగరానికి తాగునీరైంది. ఇదంతా మన చరిత్ర పుస్తకాల్లో ఉంది. అదే కొండల మీద పడిన వాన పడమటి వాలు మీదుగా దిగితే కాగ్నా అవుతుందన్నది మాత్రం నగరవాసుల్లో చాలామంది ఎరగరు. కాగ్నా తాండూరు పక్క నుంచి బషీరాబాద్ వైపు సాగి, కర్ణాటకలో అడుగుపెట్టి, సేడం దాటి, మాల్ఖేడ్ కోట గోడల్ని ఒరుసుకుంటూ వెళ్లి భీమలో కలుస్తుంది. భీమ కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి వాడపల్లి చేరినప్పుడు, ఎప్పుడో కొండ మీద విడిపోయిన మూసీ వచ్చి అందులో పడుతుంది. ఒకే మబ్బులోంచి రాలిన రెండు చినుకులు ఒక బండరాయికి అటూ ఇటూ పడి, రెండు రాష్ట్రాలు తిరిగి, మళ్లీ ఒకటవుతాయి. అనంతగిరి గొప్పదనం నన్నడిగితే ఇదే, నీటిని పంచే కొండ కావడం. కొండే తన నీళ్లను రెండు దిక్కులకూ పంచుతుంటే, ఆ కొండను చూడటానికి వచ్చిన మనం సెలవునంతా ఒకే వాలున కుమ్మరించడం ఏం సబబు?

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రెండు రోజులూ వికారాబాద్‌కే అనేవాళ్లు తమకు తెలియకుండానే కాగ్నా వైపు వెళ్లొస్తున్నారు. వాళ్లు ఎంతో ఇష్టపడే కోట్‌పల్లి జలాశయం మూసీది కాదు. 1967లో కట్టిన ఆ ప్రాజెక్టు కాగ్నాలో కలిసే వాగు మీదిది. పడవలు తేలుతున్న ఆ నీళ్లు తొమ్మిది వేల పైచిలుకు ఎకరాల ఆయకట్టు కోసం నిలిపినవి. చెరువు గట్టు మీద నిలబడి నీటి వైపు తిరిగితే విహారం, వెనక్కి తిరిగితే వ్యవసాయం. మనం వెనక్కి తిరగడం మానేశాం, అంతే. తూము దగ్గర నుంచి కాలువ ఎటు పోతుందో నాలుగు అడుగులు వేసి చూసినా తాండూరు వైపు నేల కనిపిస్తుంది.

రెండో సాక్ష్యం రాయి. దాని సంగతికి ముందు ఒక పోలిక. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో హవాయి ప్రయాణం పెద్ద చర్చ. ఉన్న వారం రోజుల్ని ఏ రెండు దీవుల మధ్య ఎలా పంచాలన్నది ఆ చర్చలో ముఖ్యమైన ప్రశ్న. అక్కడ పంపకానికి ఒక మంచి కారణం ఉంది. దీవులన్నీ సముద్రగర్భం నుంచి ఎగసిన లావాతో పుట్టినవే అయినా వాటి వయసులు వేరు. వాయవ్యంగా ఉన్న కవాయి దీవి దాదాపు 50 లక్షల ఏళ్లనాటిది, వానలు కోసి లోయలు చేసిన పచ్చటి ముసలి దీవి. ఆగ్నేయాన ఉన్న పెద్ద దీవి మీద కిలవేయా అగ్నిపర్వతం ఇప్పటికీ లావా కక్కుతోంది. రెండూ చూస్తే ఒక దీవి పుట్టుకా ముసలితనమూ పక్కపక్కన చూసినట్టు. అందుకని విమానం మారే శ్రమ, సామాను సర్దుకునే విసుగు ఓర్చుకుని రెండింటికీ వెళ్తారు. ఇదే న్యాయం మన ఇంటి పక్కన పెట్టి చూడండి. అనంతగిరి నెత్తిన ఉన్న ఎర్రటి జేగురు రాయి ఒకప్పటి లావాయే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కనును కప్పేసిన లావా గడ్డకట్టి, వానకు ఎండకు కుళ్లి, ఇనుము మిగిలి అలా ఎర్రబడింది. తాండూరులో ఆ లావా పొరలు తొలగిన చోట, దాని అడుగున ఉన్న సున్నపురాయి బయటపడుతుంది. అది భీమా పరీవాహకంలో ఒకప్పుడున్న సముద్రపు అడుగున పేరుకున్న బురద, 50 కోట్ల ఏళ్లకు పైబడినది. కొండ మీద అగ్ని, కింద సముద్రం, మధ్యలో రైల్లో గంట ప్రయాణం కూడా లేదు. హవాయిలో దీవికీ దీవికీ మధ్య ఉన్న తేడా కంటే ఇక్కడ ఊరికీ ఊరికీ మధ్య ఉన్న తేడా కాలంలో ఎన్నో రెట్లు పెద్దది. అంత దూరం వెళ్లి చేసే పంపకం తెలివైనదైతే, ఇంత దగ్గరలో చేసేది దండగ ఎలా అవుతుంది?

బండలే కదా అనే మాటకు నా జవాబు కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే అసలు సంగతంతా ఆ బండల్లోనే ఉంది. తాండూరు నాపరాయి గుట్టగా ఉండదు, పుస్తకంలో పుటల్లా పొరలు పొరలుగా ఉంటుంది. సముద్రం అడుగున బురద ఒక్కో విడతగా పేరుకున్న గుర్తు అది. అందుకే దాన్ని గనిలో పలకలుగా లేపవచ్చు. నీలి రంగు బండ, పసుపు రంగు బండ అని రకాలు, గరుకు బండ, పాలిష్ బండ అని బేరాలు. ఓగిపూర్, మల్కాపూర్, కరన్‌కోట్ చుట్టూ గనులు, పట్టణం చుట్టూ కోత, పాలిషింగ్ యూనిట్లు. తెలుగునాట ఎన్ని ఇళ్ల వసారాల్లో, ఎన్ని బడుల గదుల్లో, ఎన్ని రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఈ రాయి పరిచి ఉందో ఒక్కసారి తలచుకోండి. వేసవి మధ్యాహ్నం చాప కూడా వేసుకోకుండా పడుకుంటే ఒంటికి తగిలే ఆ చల్లదనం ఎక్కడిదో, పడుకున్న మనిషికి తెలియదు. పునాది నుంచి పైకప్పు దాకా, పొలం గట్టున నిలువుగా పాతిన కంచె దాకా ఒకే రాయితో బతికిన పల్లెలు ఇక్కడ ఇంకా ఉన్నాయి. అదే సున్నపురాయిని కాల్చి సిమెంటు చేస్తారు. ప్రభుత్వ రంగంలోని సీసీఐ కర్మాగారం కరన్‌కోట్‌లో ఉన్నది అందుకే. మన నగరం నిలబడి ఉన్న రాయిలో కొంత ఇక్కణ్ణుంచి వచ్చింది. దాన్ని ఒక్క పూట చూడటానికి కూడా అక్కడేముంది అనడం, అన్నం తింటూ వరి చేనులో ఏముంది అన్నట్టే.

రాయి ఇచ్చిన ఆ నేలే కందినీ ఇచ్చింది. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపుకు ఆధారం ఊరి పేరు కాదు, అడుగున ఉన్న మట్టి. సున్నపురాయి నిక్షేపాల మీద పరుచుకున్న లోతైన నల్లరేగడి, అందులోని అట్టపల్గైట్ అనే బంకమన్ను కలిసి ఈ పప్పుకు రుచినీ, ఉడికే గుణాన్నీ, నిల్వ ఉండే గుణాన్నీ ఇచ్చాయని దాని వాదం. జూన్, జూలైల్లో విత్తిన కంది చలికాలంలో పసుపు పూత పూసి, డిసెంబరు, జనవరిలకు కోతకొస్తుంది. ఆ రోజుల్లో మార్కెట్ యార్డులో రాశులు, తూకాలు, బేరాలు, కందికట్టె మోసుకుపోయే బండ్లు ఊరంతా ఉంటాయి. తాండూరులో కంది మీద పనిచేసే వ్యవసాయ పరిశోధనా కేంద్రం కూడా ఉంది. ఇక్కడి జొన్న రొట్టె, కందిపప్పు భోజనం సంగతి చెప్పక్కర్లేదు. కొండ మీద ఏ హోటల్లో తిన్నా హైదరాబాదు భోజనమే తింటాం. నేలకూ కంచానికీ మధ్య దారి కనిపించే భోజనం కాగ్నా వైపే దొరుకుతుంది.

మూడో సాక్ష్యం చరిత్ర, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. వికారాబాద్ పేరు పాయిగా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రాది. ఆయన హైదరాబాదు ప్రధానమంత్రిగా 1893 నుంచి 1901 దాకా ఉన్నాడు. అది నగరం వైపు మొగ్గిన దొరల ఊరు. తాండూరు అలా కాదు. 1956 నవంబరు 1 దాకా తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలో భాగం. రాష్ట్రాల పునర్విభజన చట్టం ఆ జిల్లాలో మిగతాదంతా మైసూరుకు ఇచ్చి, ఈ రెంటినీ ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. గీత మారింది గానీ నాలుక మారలేదు. తాండూరు బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ ఒకే వాక్యంలో కలిసి వినిపిస్తాయి. ఊళ్లో భావిగి భద్రేశ్వరుడి జాతరకు కర్ణాటక వైపు నుంచీ జనం వస్తారు. కాగ్నా వెంట ఇంకా కొంత దూరం పోతే మాల్ఖేడ్, అంటే మాన్యఖేటం, రాష్ట్రకూటుల రాజధాని. తొమ్మిదో శతాబ్దంలో అమోఘవర్షుడు పాలించిన నగరం, కన్నడంలో దొరికిన తొలి లక్షణగ్రంథం పుట్టిన ఆస్థానం. అనంతగిరి వాన నీరు తాగి పెరిగిన రాజధానులు రెండు, తూర్పున హైదరాబాదు, పడమట మాన్యఖేటం. ఒకదాన్ని గుర్తుపెట్టుకుని ఇంకొకదాన్ని మర్చిపోవడానికి కారణం, మనం ఆ వైపు ఎప్పుడూ నడవకపోవడమే. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడి ఈ రెండు చరిత్రల్నీ ఒకే కప్పు కిందికి తెచ్చింది. సెలవుల పటంలో మాత్రం ఆ పాత గీత ఇంకా చెరగలేదు.

ఎదుటివాళ్ల వాదనల్లో గట్టివి లేకపోలేదు. సెలవంటే విశ్రాంతి, రెండు ఊళ్ల మధ్య పరుగు కాదు, రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏదీ దక్కదు అంటారు. విశ్రాంతి మాటకొస్తే, అనంతగిరి ఆ విషయంలో ఎంతో పెద్ద పాఠం చెప్పిన చోటు. నిజాం కాలంలో ఇక్కడ క్షయ రోగులకు శానిటోరియం పెట్టారు, కొండగాలికి ఊపిరితిత్తులు తేరుకుంటాయని. ఆ కొండకు విశ్రాంతి అంటే నెలల తరబడి మౌనం. ఇప్పుడు సెలవు రోజు సాయంత్రం అక్కడికి చేరే కార్ల వరసకూ, పాటల హోరుకూ ఆ మాట అంటదు. ఆదివారం మధ్యాహ్నం కొండ మీద దొరికే విశ్రాంతి కంటే తాండూరు బజారులో దొరికేది ఎక్కువే, ఎందుకంటే అక్కడ ఎవరూ సందర్శకుల కోసం ఏర్పాట్లు చేసి కూర్చోరు. శనివారం సాయంత్రం కొండను అనుభవించి, ఆదివారం గుంపు వచ్చేలోగా దిగిపోయేవాడికే నిజానికి రెండూ దక్కుతాయి. ఇక పరుగు అన్నది బండిలో కూర్చుని ఎనిమిది చోట్లు చుట్టేసేవాళ్ల బాధ. నేను చెప్తున్నది రెండే చోట్లు, మధ్యలో ఒకే ప్రయాణం.

దారి బాగాలేదన్నది ఇంకో అభ్యంతరం, అది నిజం కూడా. మర్రిచెట్ల నీడలో సాగే ఆ చేవెళ్ల రోడ్డు బండల లారీలకూ, కంకర టిప్పర్లకూ, సెలవు కార్లకూ చాలడం లేదు. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొన్న ఘోరంలో పోయిన ప్రాణాల్ని ఎవరూ మర్చిపోలేరు. అయితే దీని నుంచి తేలేది తాండూరు వెళ్లొద్దని కాదు, కారులో వెళ్లొద్దని. సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్‌కు 1874లోనే రైలు పడింది. వికారాబాద్, తాండూరు రెండూ ఆ దారిలోని స్టేషన్లే. వికారాబాద్ స్టేషన్ నుంచి అనంతగిరి ఆరు కిలోమీటర్ల లోపే. మధ్యలో వచ్చే ధారూరు ఏటా నవంబరులో క్రైస్తవ జాతరకు వేలమందిని దింపుకునే ఊరు. కిటికీ పక్కన కూర్చుంటే ఎర్రనేల నల్లరేగడిగా మారడం, చెట్లు పలచబడి చేలు పరుచుకోవడం, రాతి కంచెలు మొదలవడం కంటికి కనిపిస్తుంది. ఏ గైడూ చెప్పలేనంత స్పష్టంగా ఆ గంట లోపు ప్రయాణమే నేను ఇక్కడ రాసిందంతా చూపిస్తుంది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. దుమ్ములో పనిచేసే మనుషుల్ని చూడటానికి సెలవు రోజున వెళ్లడం సిగ్గుచేటు కాదా అని. ఈ ప్రశ్న అడిగేవాళ్లను నేను గౌరవిస్తాను. గనిలోకి తొంగిచూసి, ఫొటో తీసుకుని, అయ్యో పాపం అని వచ్చేయడం నిజంగా సిగ్గుచేటే. కానీ చూడకపోవడం దానికి మందు కాదు. కళ్లు ఒకవైపే తిప్పుకోవడం వల్ల ఏమవుతుందో పక్కనే ఉదాహరణ ఉంది. దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో నావికాదళ వీఎల్ఎఫ్ రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగినప్పుడు, చెట్ల కోసం, మూసీ కోసం నగరం నుంచి గొంతులు లేచాయి. లేవాల్సినవే. ఆ గొంతులు లేవడానికి కారణం, ఆ అడవిలో నడిచిన మనుషులు నగరంలో ఉండటం. కాగ్నాలో ఇసుక తోడేస్తున్నా, పాలిషింగ్ బురద కుప్పలు పడుతున్నా, తవ్వి వదిలేసిన గుంతల్లో నీళ్లు నిలుస్తున్నా ఆ స్థాయిలో గొంతు లేవదు, అక్కడ నడిచినవాళ్లు నగరంలో లేరు గనక. తమ ఇంటి నేల ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసొచ్చిన పిల్లవాడు రేపు ఆ గుంతల గురించి అడుగుతాడు. పిల్లలకు అక్కడ విసుగు పుడుతుందనే మాటకు కూడా ఇదే జవాబు. సముద్రం అడుగు ఇదిగో, చేత్తో ముట్టుకో అని చెప్పగలిగే చోటు హైదరాబాదుకు ఇంత దగ్గరలో మరొకటి చూపించండి.

సరే, పంచుకోవడం ఎలా? సగం సగం అని నేను పట్టుబట్టను, పంపకం రుతువును బట్టి ఉండాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా కొండకే పెద్ద వాటా. అప్పుడు వాగులు పారతాయి, రెండు పూటలు అడవిలో గడిపి ఒక పూట కాగ్నా ఒడ్డుకు వెళ్తే చాలు, నది నిండుగా కనిపించేది అప్పుడే. కార్తీకంలో స్వామి జాతర సందడి కావాలనుకునేవాళ్లు కొండ మీద ఉండండి, వద్దనుకునేవాళ్లు ఆ రోజుల్లో కొండ జోలికి పోవద్దు. డిసెంబరు, జనవరిల్లో లెక్క తిరగేయాలి. చలికి కొండ మీద ఒక రాత్రి, తెల్లవారుజామున మంచులో ఒక నడక, అంతే. మిగతా రోజంతా తాండూరుకు. ఏప్రిల్, మేల్లో రెంటినీ వదిలేయండి, నాపరాయి పరిచిన ఇంట్లో కూర్చోండి. చలికాలం పంపకంలో ఉదయం బండి దిగి, మొదట మార్కెట్ యార్డుకు వెళ్లండి, కందుల రాశులు ఎండ ముదరకముందే చూడాలి. మధ్యాహ్నం రొట్టె తిని, పాలిష్ యూనిట్ ముందు ఆరబెట్టిన నీలి బండల వరసలు చూడండి, అనుమతి ఇస్తే పని చేసేవాళ్లతో మాట్లాడండి. నాలుగింటికి కాగ్నా దగ్గరికి వెళ్లండి. ముందురోజు సాయంత్రం కొండ మీద పడమటి వాలున నిలబడి ఉంటే, ఆ వాలు నీళ్లే ఇక్కడి ఇసుకలో సన్నగా పారుతూ సేడం వైపు పోతుంటాయి. తిరుగు బండికి ఇంకా వేళ ఉంటే, అడుగు కనిపించే ఆ నీళ్లలో కాసేపు కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు.